పరదేశికి పరీక్ష, మనకు నమ్మకం

పార్లమెంటులో జౌళి పరిశ్రమ ప్రస్తావన వచ్చినప్పుడల్లా గౌరవసభ్యులు ఎగుమతుల గురించి, పన్నుల గురించి, మగ్గాల ఆధునికీకరణ గురించి ధారాళంగా మాట్లాడుతారు. ఆ బట్ట కట్టుకొనే మనిషి ఒంటి సంగతి నా చెవిని బడిన సందర్భాలు బహు స్వల్పం. ఇటీవల సూరత్ చేరువలోని కడోదరాకు వెళ్ళినప్పుడు ఈ లోపం నాకు మరింత స్పష్టంగా తోచినది.

జాతీయ రహదారి ప్రక్కనున్న కడోదరా అద్దకపు మిల్లులకు పేరుపొందిన ఊరు. మన అంగళ్ళలో దొరికే పాలియెస్టరు చీరలు పెక్కింటికి సూరత్ ప్రాంతమే పుట్టినిల్లు. అక్కడి మరమగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు ఎంతోకాలంగా బ్రతుకుతున్నారు. అద్దకపు మిల్లులో పనిచేసే కరీంనగర్ యువకుని, ఏ రంగు వాడుతున్నారని అడిగాను. “డబ్బా మీద నంబరే ఉంటది సార్. లోపల ఏమున్నదో సేటుకే ఎరుక” అన్నాడు.

ఆ నంబరు వెనుక పెద్ద కథే ఉన్నది. రంగుల కర్మాగారంలో పనిచేసేవారికి మూత్రాశయంలో కణితులు పుడుతున్నవని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. బెంజిడీన్ క్యాన్సర్ కారకమని తరువాత రుజువైనది. ఆజో రంగులన్నీ విషం కావు. కొన్ని మాత్రం విచ్ఛిన్నమై ఇటువంటి పదార్థాలను విడుదల చేస్తవి. పాలియెస్టరుకు వాడే డిస్పర్స్ రంగులతో మరొక చిక్కు. అవి నూలుపోగుతో రసాయనికంగా ముడిపడవు. చెమటకు, రాపిడికి చర్మానికి అంటవచ్చు. డిస్పర్స్ బ్లూ 106, 124 అనేవి దురదకు, దద్దుర్లకు కారణమని చర్మవైద్యులకు సుపరిచితమే. కొత్తబట్ట ఉతికి కట్టమని మా అమ్మ అనేది, గంజి పోవడానికనుకొనేవాణ్ణి.

మన ప్రభుత్వం నిద్రపోయినదనలేము. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 42 బెంజిడీన్ రంగులను నిషేధిస్తూ 1990లో ప్రకటన వెలువడినది. అది 1993లో అమలులోకి వచ్చినది. మరి 70 ఆజో రంగులపై నిషేధం 1997లో వచ్చినది. జర్మనీ 1994లో కన్నెర్రజేసిన తరువాత ఇది జరగడం కాకతాళీయమని నేననుకోను. 2002లో ఐరోపా సమాజం కిలో బట్టకు 30 మిల్లీగ్రాముల హద్దు గీచినది. అక్కడికి పోయే మూటను పరీక్షించి, ధ్రువపత్రం జతచేసి మరీ ఓడ ఎక్కిస్తారు. మన ఇల్లాలు కొనే చీర చీటీ మీద ధర ఉంటుంది, రంగు ఊసుండదు.

చిన్న మిల్లులు ఖర్చు భరించలేవని యజమానులంటారు. ఆ మాటలో కొంత నిజమున్నది. అయితే సూరత్‌లోనే ‘మంత్ర’ అనే కృత్రిమ జౌళి పరిశోధన సంస్థ ఉన్నది. అటువంటి సంస్థకు ప్రభుత్వం నిధులిచ్చి, దేశవాళీ సరుకును కూడా పరీక్షింపజేయడం అసాధ్యమేమీ కాదు. చట్టం ఉన్నది, పరీక్ష ఉన్నది. ఆ రెండింటినీ స్వదేశపు అంగడికి తెచ్చే ఉత్తరువే లేదు.

కనుక మన తెలుగు సభ్యులెవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో జౌళి మంత్రిని ఒక్కటే అడగాలి: గడచిన అయిదేళ్ళలో దేశంలో అమ్మిన చీరలలో ఎన్నింటి రంగును పరీక్షించారు? అవి ఏ మిల్లులవి?