మృతుల లెక్క

గియోర్గి ఇసెర్సన్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. సోవియట్ జనరల్ స్టాఫ్ అకాడమీలో పాఠాలు చెప్పిన యుద్ధ పండితుడాయన. స్పెయిన్ అంతర్యుద్ధాన్ని, పోలండ్ మీద జర్మనీ దాడిని పరిశీలించి 1940లో ఒక పుస్తకం రాశాడు. ఇకమీదట యుద్ధాలు ప్రకటనతో మొదలుకావనీ, సైన్యాలను ముందే మోహరించి ఒక్కసారిగా విరుచుకుపడతారనీ అందులో చెప్పాడు. ఆ డిసెంబర్‌లో మాస్కోలో జరిగిన సేనానుల సమావేశంలో ఒక జనరల్ దాన్ని తొందరపాటు నిర్ధారణ అని తీసిపారేశాడు. శత్రువు బలగాలు కూడగట్టుకుంటుంటే మనకు తెలియకపోతుందా అన్నది ఆయన ధీమా. 1941 జూన్‌లో ఇసెర్సన్‌ను అరెస్టు చేశారు. అదే నెల 22న జర్మన్ సైన్యం ఆయన చెప్పినట్టే వచ్చిపడింది. ఆయనకు విడుదల దొరికింది 1955లో.

ఆ జర్మన్ దాడి జరిగి డెబ్బై ఏళ్లు గడిచాక, 2013 ఫిబ్రవరిలో, రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి వలేరీ గెరాసిమోవ్ ఒక వ్యాసం ప్రచురించాడు. దానిమీద పాశ్చాత్య దేశాల్లో బోలెడు వ్యాఖ్యానాలు వచ్చాయి. ‘గెరాసిమోవ్ సిద్ధాంతం’ అని పేరు కూడా పెట్టారు. మమ్మల్ని మాత్రం అందులో ఇసెర్సన్ ప్రస్తావన ఎక్కువగా ఆలోచనలో పడేసింది. ఆయన మాట పెడచెవిన పెట్టినందుకు దేశం నెత్తుటితో మూల్యం చెల్లించిందని గెరాసిమోవ్ ఒప్పుకున్నాడు. 2023 జనవరిలో ఉక్రెయిన్ యుద్ధ సారథ్యం అప్పగించింది ఆయనకే. పై అధికారులకు చరిత్ర తెలుసు. తెలిసినదాన్ని ఏలికల ముందు నోరెత్తి చెప్పగల మనిషి ఆ వ్యవస్థలో మిగల్లేదు.

2021 జూలైలో, ఉక్రెయిన్ మీద దాడికి ఏడు నెలల ముందు, పుతిన్ తన పేరుతో ఒక సుదీర్ఘ చరిత్ర వ్యాసం వెలువరించాడు. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అన్నది అందులో వాదన. దేశాధినేతే చరిత్రకారుడి కుర్చీలో కూర్చుంటే, ఇది తప్పు అనగలిగేదెవరు? 2022 ఫిబ్రవరి 24న కీవ్ వైపు కదిలిన దళాల ప్రణాళిక మీద ఆ వ్యాసం నీడ స్పష్టంగా ఉంది. ఉక్రెయిన్ జనం ఎదురుతిరగరనీ, కొద్దిరోజుల్లో రాజధాని చేతికి వస్తుందనీ నమ్మారు. ఏప్రిల్ మొదటి వారానికల్లా ఆ దళాలు కీవ్ పరిసరాల నుంచి వెనుదిరిగాయి. ఆ తర్వాత అది ఏళ్ల తరబడి ఒకరినొకరు అరగదీసుకునే యుద్ధమైంది. అలాంటి యుద్ధం ఎలా ఉంటుందో, దానికి ఎలా సిద్ధపడాలో 1920లలోనే అలెగ్జాండర్ స్వెచిన్ ‘వ్యూహం’ అనే గ్రంథంలో విపులంగా రాశాడు. ఆయన్ను 1938లో కాల్చి చంపారు.

కొన్ని పాత పద్ధతులు మాత్రం చెక్కుచెదరకుండా బతికాయి. 1942 జూలై 28 నాటి స్టాలిన్ 227వ ఉత్తర్వు శిక్షాదళాలను ఏర్పాటు చేసింది. తప్పు చేసినవాడు ముందువరసలో నెత్తురు చిందించి దాన్ని కడుక్కోవాలి. ఆ ఉత్తర్వు పాఠం 1988 దాకా సోవియట్ ప్రజల కంట పడలేదు. 2022లో వాగ్నర్ కిరాయి దళం జైళ్ల చుట్టూ తిరిగి ఖైదీలను చేర్చుకున్నప్పుడు ఆ పాత ఆలోచనే కొత్త ఒప్పందపత్రంతో తిరిగొచ్చింది.

అయితే ఒక దేశం తన చరిత్రను ఎలా రాసుకుంటుందో తెలియాలంటే మృతులను ఎలా లెక్కపెట్టిందో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం దాదాపు 70 లక్షల మందిని కోల్పోయిందని 1946 మార్చిలో స్టాలిన్ ప్రావ్దా పత్రికకు చెప్పాడు. 1961లో క్రుశ్చేవ్ 2 కోట్లు అన్నాడు. 1990 మేలో గోర్బచేవ్ దాదాపు 2 కోట్ల 70 లక్షలని ప్రకటించాడు. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య 2 కోట్ల మంది! వాళ్ల ఇళ్లలో గోడలమీద ఫొటోలున్నాయి, ఊళ్లో అందరికీ వాళ్ల పేర్లు తెలుసు. ప్రభుత్వ చరిత్రలో మాత్రం వాళ్లు లేరు. అంతమంది పోయారని ఒప్పుకుంటే ఎందుకు పోయారన్న ప్రశ్న పుడుతుంది. యుద్ధం ముంచుకొచ్చేనాటికి దేశం ఎందుకు సిద్ధంగా లేదని అడిగిన చరిత్రకారుడు అలెగ్జాండర్ నెక్రిచ్. ‘1941 జూన్ 22’ అనే ఆయన పుస్తకం 1965లో వచ్చింది. 1967లో పార్టీ నుంచి వెలివేశారు. 1976లో ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు.

లెక్క దాచడం ఇప్పుడు చట్టబద్ధమైంది. శాంతికాలంలో ‘ప్రత్యేక కార్యకలాపాల’లో జరిగే సైనిక నష్టాలు కూడా రాజ్యరహస్యమేనని 2015 మేలో పుతిన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఉక్రెయిన్ యుద్ధంలో 5,937 మంది చనిపోయారని 2022 సెప్టెంబర్‌లో రక్షణమంత్రి చెప్పాడు. ఆ తర్వాత రక్షణశాఖ మొత్తం లెక్క చెప్పడం మానేసింది. ఆ పనిని మీడియాజోనా అనే స్వతంత్ర పత్రిక, బీబీసీ రష్యన్ విభాగం, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు నెత్తికెత్తుకున్నారు. జిల్లా పత్రికల్లో సంతాప ప్రకటనలు, బంధువులు పెట్టుకున్న పోస్టులు, శ్మశానాల్లో కొత్త సమాధులు ఒక్కొక్కటీ చూసి, రెండుసార్లు లెక్కకు రాకుండా సరిపోల్చుకుని జాబితా రాస్తున్నారు. అది లక్ష పేర్లు దాటింది. ఈ కాలపు రష్యాలో జరుగుతున్న అత్యంత విలువైన చరిత్ర రచన ఇదేనని మా అభిప్రాయం.

ఇలాంటి పనికి పూర్వీకుడు వసీలీ గ్రాస్‌మన్. స్టాలిన్‌గ్రాద్ వీధుల నుంచి సైనిక పత్రికకు వార్తలు రాసిన విలేకరి. బెర్దిచెవ్‌లో ఆయన తల్లిని నాజీలు 1941లో చంపారు. ఆ యుద్ధంలో తన దేశం పక్షాన నిలిచి, దాని వీరత్వాన్ని కళ్లారా చూసి రాసినవాడే, స్వదేశంలోని నిర్బంధాన్ని కూడా ‘జీవితం–విధి’ నవలలో రాశాడు. 1961 ఫిబ్రవరిలో రహస్య పోలీసులు ఇంటికి వచ్చి రాతప్రతులే కాక కార్బన్ కాగితాలు, టైపు మిషన్ రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. ఆ రిబ్బన్ మీద అక్షరాల ఆనవాళ్లుంటాయని భయం! గ్రాస్‌మన్ 1964లో పోయాడు. నవల 1980లో స్విట్జర్లాండ్‌లోనూ, 1988లో స్వదేశంలోనూ వెలుగు చూసింది.

స్టాలిన్ కాలపు బాధితుల వివరాలు సేకరించిన ‘మెమోరియల్’ సంస్థను రద్దు చేస్తూ 2021 డిసెంబర్ 28న రష్యా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండు నెలలు తిరగకముందే యుద్ధం మొదలైంది. 2023 సెప్టెంబర్‌లో బడుల్లోకి వచ్చిన కొత్త చరిత్ర పాఠ్యపుస్తకంలో ఉక్రెయిన్ మీద ‘ప్రత్యేక సైనిక చర్య’కు ఒక అధ్యాయమే ఉంది. దాని రచయితల్లో ఒకడైన వ్లాదిమీర్ మెదిన్‌స్కీయే ఉక్రెయిన్‌తో జరిగిన ఇస్తాంబుల్ చర్చల్లో రష్యా బృందానికి నాయకుడు. చరిత్రను అధికారం ఎంత దగ్గర పెట్టుకుందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ జబ్బు రష్యాది మాత్రమే అనలేం. 1962 చైనా యుద్ధంలో మన ఓటమిపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మన ప్రభుత్వాలేవీ ఇప్పటిదాకా అధికారికంగా బయటపెట్టలేదు.

రష్యా అంటే తెలుగువారికి పరాయి దేశం కాదు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా మన పల్లెల దాకా చేరాయి. ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితాలు మన పిల్లల నోటు పుస్తకాలకు అట్టలయ్యాయి. ఆ సాహిత్యం మనకు చేసిన మేలు తక్కువది కాదు. కానీ అది ప్రభుత్వం వడకట్టి పంపిన సాహిత్యం. నెక్రిచ్, గ్రాస్‌మన్ ఆ పెట్టెల్లో రాలేదు. 2024 మార్చిలో, ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడన్న వార్త వచ్చింది. ఆ దేశపు యుద్ధాల అసలు చరిత్ర ఇప్పుడు మన ఇళ్లకూ అవసరం.

గ్రాస్‌మన్‌ను, నెక్రిచ్‌ను, యుద్ధం చూసినవారి మాటలను గ్రంథాలుగా కూర్చిన స్వెత్లానా అలెక్సియెవిచ్‌ను అనువదిస్తున్నవారు, అనువదించాలనుకుంటున్నవారు మాకు రాయండి. ఆ రచనలకు ఈ పత్రికలో చోటు ఉంటుంది.