ఆదివారం ఎవరి ముందు నిలబడింది?

"విశ్వాసం బతుకులో కనబడాలి" అనే మాట వింటూనే క్రైస్తవ వాడల్లో పుట్టినోళ్లం పెరిగాం. బసంత్‌నగర్‌లో నేనూ విన్నాను. ఈ మాటతో నాకు పేచీ లేదు. ఏం కనబడాలి, ఎవరికి కనబడాలి అన్న దగ్గరే నా ప్రశ్న.

మన ప్రసంగాల్లో జవాబు చిన్నది. తాగొద్దు, సినిమాకు పోవద్దు, బొట్టు పెట్టొద్దు, దశమభాగం ఎగ్గొట్టొద్దు. తాగుడు మానడం చిన్న సంగతి అనను. బాయి పనికి పోయొచ్చే మనిషి జీతం ఇంటికి చేరితే ఆ ఇంటి ఆడవాళ్లకు అదెంత ఊపిరో బొగ్గు బెల్టులో అందరికీ తెలుసు. కానీ విశ్వాసం అక్కడికే అయిపోతుందా?

1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చారు. ఆ మాటను మాదిగ గూడేల్లోకి మోసింది మాత్రం తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య. కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

చదివితే ఇవీ మన ప్రసంగాల్లోని 'వద్దు'ల్లాగే ఉంటాయి. ఊర్లో వాటి అర్థం వేరు. ఆదివారం పని చేయనంటే దొర పిలిస్తే రాననడం. మొక్కనంటే జాతరలో డప్పు కొట్టననడం. ఊరికి ఇది వెంటనే అర్థమైంది. వీళ్లకు కుండలు అమ్మొద్దన్నారు, పశువుల్ని బీట్లోకి రానివ్వలేదు, కోతలకు పిలవలేదు. అయినా చాలామంది వెనక్కి తగ్గలేదు. అరవై ఏళ్ల తర్వాత, 1927లో, మహాడ్‌లో అంబేడ్కర్ కూడా చచ్చిన పశువు మాంసం మానమన్నారు. రెండు చోట్లా కులం అప్పగించిన బతుకును కాదనడమే ఉంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. సింగరేణి పర్మినెంటు కార్మికుడు ఆదివారం డ్యూటీకి పోతే ప్లేడే కింద రెట్టింపు జీతం. కాంట్రాక్టు కార్మికుడు ఆదివారం ఆగితే ఆ రోజు కూలి పోతుంది. ఆ కాంట్రాక్టోళ్లలో మనవాళ్లు ఎందరో చూడండి. చర్చికి రాలేదని అతన్ని గద్దిస్తాం గానీ, వారానికి ఒక్కరోజు జీతంతో సెలవు అతనికి దక్కాలని చర్చి ఏనాడైనా అడిగిందా? పేరయ్య తరానికి ఆదివారం హక్కు. మనకు అది హాజరు పట్టీ అయింది.

చర్చి లోపల సంగతి కూడా మాట్లాడాలి. ఒకే రొట్టె విరుచుకుంటాం. పిల్లల పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాల సంబంధం, మాదిగ సంబంధం అని విడిపోతాం. ఆ విశ్వాసం ఎవరికి కనబడాలి?

"కాగితంలో హిందువని రాసుకుంటారు, ఇదేం సాక్ష్యం?" అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆ ప్రశ్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును అడగాలి. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఎస్సీ హోదా ఇచ్చారు. క్రైస్తవ దళితుణ్ణి బయటే నిలబెట్టారు. మన దగ్గర అతను బీసీ-సి, వాటా ఒక్క శాతం. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు కూడా బాప్తిస్మం తీసుకున్నామెకు ఎస్సీ హోదా లేదంది. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద పడ్డోళ్లు మాత్రం ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో అడగలేదు. అన్నం పోతుందని భయపెట్టే చట్టాన్ని వదిలేసి, భయపడే తల్లిదండ్రుల్ని అబద్ధీకులనడం న్యాయం కాదు.

విద్యార్థి మిత్రులకు ఒకటే చెప్తా. మీ చర్చిలో రెండు అడగండి. కాంట్రాక్టు కార్మికుల సమ్మె మీటింగుకు చర్చి ఆవరణ ఇస్తారా? మాల పిల్ల, మాదిగ పిల్లగాడు పెళ్లి చేసుకుంటామంటే పాస్టరు గారు ముందు నిలబడి చేస్తారా? వచ్చే జవాబును బట్టి అక్కడ విశ్వాసం ఎంత బతికుందో తెలుస్తుంది.

వచ్చే భాగంలో బీసీ-సి ముచ్చట.

జై భీమ్.