పొడుగు మన చేతిలో లేదు, పొగాకు ఉంది

"పొడుగున్నోళ్లకు క్యాన్సర్ ఎక్కువ వస్తదట" అనే మాట రీల్స్‌లో బాగా తిరుగుతోంది. పొడుగోళ్లు భయపడుతున్నారు, పొట్టోళ్లు సంబరపడుతున్నారు. రెండూ అనవసరమే అంటాను నేను.

మాట అబద్ధమేం కాదు. బ్రిటన్‌లో 12 లక్షలకు పైగా మహిళల మీద చేసి, 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తు ప్రతి 10 సెంటీమీటర్లకు క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరిగింది. పొడుగు మనిషిలో కణాలు ఎక్కువ. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్‌ఏ కాపీ కావాలి. కాపీలు పెరిగితే తప్పులూ పెరుగుతాయి అన్నది ఒక వివరణ.

కానీ 16 శాతం అంటే వందలో 16 మందికి వస్తుందని కాదు. పది మందికి వచ్చే చోట పదకొండు, పన్నెండు మందికి వస్తుందని, అంతే.

పొట్టిగా ఉండటం వరమూ కాదు. మా ఆదిలాబాద్ గూడేల్లో తిండి చాలక ఎదగని పిల్లలున్నారు. వాళ్లకు అంగన్‌వాడీ గుడ్డు, పాలు అందాల్సిందే.

ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు ఏరుతరు, కరీంనగర్ దిక్కు ఆడోళ్లు ఇంట్ల కూసొని బీడీలు చుడుతరు. అది వాళ్ల బతుకుదెరువు, వాళ్లను తప్పుపట్టను. తాగేది, నమిలేది మాత్రం మనం. నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు పెద్ద కారణం పొగాకే. ముదిరినంక ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికి దాదాపు 300 కిలోమీటర్లు.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే డాక్టర్‌కు చూపించండి. జేబులో ప్యాకెట్ ఉంటే ఈరోజే పడేయండి.