ఏ స్త్రీల రక్షణ కోసం ఈ సైన్యాలు?

వేర్పాటు పోరాటం నడుస్తున్న చోటికి పరాయి దేశం సైన్యాన్ని పంపడం న్యాయమా అని మన సమావేశాల్లో చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బంగ్లాదేశ్ పేరెత్తుతారు. మొన్నా అంతే. "1971లో మన సైన్యం వెళ్ళకపోతే ఆ ఆడవాళ్ళ గతేమయ్యేది, నువ్వే చెప్పు" అని ఒక మిత్రురాలు నిలదీసింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చేవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం మొదలుపెట్టిన హత్యలు, అత్యాచారాలు డిసెంబరు 16న అది లొంగిపోయాకే ఆగాయి. కోటిమంది దాకా శరణార్థులై మన దేశానికి వచ్చారు. తొమ్మిది నెలలు ప్రపంచం చూస్తూ కూర్చుంది. ఇందిరాగాంధీ ప్రభుత్వానికి తన లెక్కలు తనకున్నాయి, నిజమే. అయినా సార్వభౌమత్వం పేరు చెప్పి వాళ్ళను చావనివ్వమనడం నా వల్ల కాదు.

కానీ ఆ ఒక్క ఉదాహరణ చేతబట్టుకుని ప్రతి సైనిక జోక్యానికీ న్యాయం అంటగడతామంటే ఒప్పుకోను. జాఫ్నా సంగతేమిటి?

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం చేసుకున్నారు. సంతకాలు పెట్టినవాళ్ళలో తమిళుల ప్రతినిధే లేడు, ఇక తమిళ స్త్రీలెక్కడ? ఆ ఒప్పందం అమలుకు మన 'శాంతి సేన' వెళ్ళింది. అంతకుముందు తమిళ మిలిటెంట్లకు ఆయుధాలు, శిక్షణ ఇచ్చిందీ మన ప్రభుత్వమే, ఆ ఆయుధాలు లాక్కోవడానికి సైన్యాన్ని పంపిందీ మన ప్రభుత్వమే! అక్టోబరులో ఎల్.టి.టి.ఇ.తో యుద్ధం మొదలైంది. 21వ తేదీన సైనికులు జాఫ్నా ఆస్పత్రిలో చొరబడి రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చంపారు. ఎదురుకాల్పులన్నారు. ఎవరికీ శిక్ష పడలేదు.

శాంతి సేన చేతుల్లో అత్యాచారాలకు గురైన స్త్రీల మాటలను రాసిపెట్టింది రజని తిరణగమ. జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే డాక్టరు ఆమె. సహచరులతో కలిసి రాసిన 'ది బ్రోకెన్ పామిరా'లో భారత సైన్యాన్నీ వదలలేదు, శ్రీలంక ప్రభుత్వాన్నీ వదలలేదు, పులులనూ వదలలేదు. 1989 సెప్టెంబరు 21న సైకిలు మీద ఇంటికి వెళ్తుండగా ఆమెను కాల్చి చంపారు. అప్పటికి 35 ఏళ్ళు. చంపింది పులులేనని ఆమె సహచరులు చెప్పారు. (జాతి విముక్తి అనగానే మిగతావన్నీ మరిచిపోయే మిత్రులు ఇదీ గుర్తుంచుకోవాలి.)

1990 మార్చిలో శాంతి సేన తిరిగొచ్చేసరికి 1,000 మందికి పైగా మన సైనికులూ చనిపోయారు. ఆ చావులను కూడా పంపినవాళ్ళ ఖాతాలోనే రాయాలి.

బంగ్లాదేశ్‌లోనైనా సైన్యం చేయగలిగింది ఎంత? హత్యలను ఆపింది, మూడు నెలల్లో వెనక్కి వచ్చింది. బాధిత స్త్రీలకు అక్కడి కొత్త ప్రభుత్వం 'బీరాంగన' అని బిరుదిచ్చింది. ఎన్నో కుటుంబాలు మాత్రం వాళ్ళను గడప తొక్కనివ్వలేదు. స్వాతంత్ర్య యోధులుగా వాళ్ళను ప్రభుత్వం గుర్తించడం మొదలైంది 2015లో!

మిత్రురాలికి ఇప్పుడు నా జవాబు ఇది. సామూహిక హత్యాకాండను ఆపడానికి వేరే దారి లేనప్పుడు సైన్యం వెళ్ళడాన్ని నేను అడ్డుకోను. కానీ ఇంటి సోదాకు వచ్చిన ఆ సైనికుడి మీద అక్కడి స్త్రీ ఏ కోర్టులో కేసు పెట్టాలో ముందే రాసిపెట్టాలి. 1987 ఒప్పందంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.