మెట్ట నీళ్లు షేల్ బావులకా?

ముడిచమురు దిగుమతుల మీద ఆధారపడటం 2022 నాటికి పది శాతం తగ్గిస్తామని 2015లో ప్రధాని మోదీ అన్నారు. తగ్గలేదు సరికదా, 77 శాతం ఉన్న దిగుమతుల వాటా 85 దాటిపోయింది. 2011-12లో 3.8 కోట్ల టన్నులున్న దేశీయ ఉత్పత్తి మూడు కోట్ల లోపుకు జారింది. ఆ ఆరాటంలోనే 2025లో చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించి, షేల్ గ్యాస్‌నూ లీజుల పరిధిలో చేర్చారు. ఈ సంగతి ముందుగా పట్టించుకోవాల్సింది ఏలూరు జిల్లా.

కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌కు పుట్టిల్లుగా చెప్పే రాఘవాపురం షేల్ రాతిపొర మన మెట్టలోనే పైకి తేలి, డెల్టా వైపు వేల అడుగుల లోతుకు దిగిపోతుంది. బ్రిటిష్ హయాంలో విలియం కింగ్ ఈ రాళ్లను పరిశీలించి పేరు పెట్టాడు. ఆ పొరను హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్‌తో పగలగొట్టి గ్యాస్ లాగాలంటే ఇసుక, రసాయనాలు కలిపిన నీరు బావికి కోటి లీటర్లు పట్టడం మామూలే. పెదవేగి ఆయిల్‌పామ్ రైతుకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది: ఎకరాకు 57 చెట్లు, ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్లు. అంటే 870 ఎకరాల తోట ఒక రోజు తాగే నీరు ఒక్క బావి మింగేస్తుంది. ఈ తోటలకు బోర్లే దిక్కు. పైగా ఆయిల్‌పామ్ వేయించిందీ దిగుమతులు తగ్గించడానికే! ఒక నూనె కోసం ఇంకో నూనె గొంతు ఎండగడతారా?

బావి నుంచి తిరిగి పైకొచ్చే ఉప్పునీటి సంగతో? ఇక్కడి వాగులు తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు చేరేది కొల్లేరు సరస్సుకే. అక్కణ్నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరు అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దగ్గర ఆగుతుంది, మురుగు ఆగదు.

గ్యాస్ వద్దని మా వాదన కాదు. అంచనాలను నమ్మి దెబ్బతిన్న చరిత్ర మాత్రం మన కళ్లముందే ఉంది. 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చిన, ఇదే బేసిన్ సముద్ర భాగంలోని డీ-6 క్షేత్రం నీరూ ఇసుకా చేరి కుప్పకూలింది. దాన్ని నమ్ముకున్న వేమగిరి విద్యుత్ కేంద్రాలు మూలనపడ్డాయి. తర్వాత కొత్త బావులతో అదే సముద్రం కోలుకుంది, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ అక్కడే చమురూ తీసింది. పెట్టుబడి అటు వెళ్లాలి. షేల్ కోసం 2013 నుంచి తవ్విన బావులు లాభసాటి ఉత్పత్తి ఇవ్వనేలేదు.

నేల మీది లీజులిచ్చేది రాష్ట్రమే. ఏలూరు మెట్టలోనూ, కొల్లేరు పరీవాహకంలోనూ హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ నిషేధమని ప్రతి కొత్త లీజులోనూ, పునరుద్ధరణలోనూ రాయాలి. సంతకాలు పడే ముందే ఆ షరతును గ్రామసభల ముందు పెట్టాలి.