సవాల్ మన హక్కు, మనం సవాలీలం కాము

‘సవాల్’ అన్న మాట మన ఇళ్లలో రెండు భాషల్లో నడుస్తుంది. తెలుగులో సవాలు అంటే ఎదురు నిలవడం. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే ఉర్దూలో సవాలీ అంటే గుమ్మం ముందు చేయి చాచి నిలుచున్నవాడు. ఒకే మూలం నుంచి పుట్టిన ఈ మూడు అర్థాలలో తనకు ఏది తగునో ప్రతి సమాజమూ తేల్చుకోవలసి ఉంటుంది. తెలంగాణ ముస్లిం సమాజం ఏళ్ల తరబడి మూడవ అర్థంతోనే సరిపెట్టుకుంటూ వచ్చిందన్నది ఈ వ్యాసం చేస్తున్న అభియోగం. ఈ అభియోగం ప్రభుత్వం మీద మాత్రమే కాదు, మన మీద కూడా.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణానికి కూతవేటు దూరంలో ఉన్న వారాసిగూడనే తీసుకుందాం. ఆ గల్లీలలో ఒక ఇంట ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపిన విద్యార్థి ఉంటాడు. మరొక ఇంట నికాహ్ జరిగి నెలలు గడిచినా షాదీ ముబారక్ చెక్కు కోసం ఎదురుచూస్తున్న తల్లి ఉంటుంది. ఇంకొక ఇంట రుణం కోసం దరఖాస్తు పెట్టి, రసీదు మడిచి బీరువాలో దాచుకున్న యువకుడు ఉంటాడు. వీరందరికీ ఎవరి దగ్గరకు పరుగెత్తాలో తెలుసు. బస్తీ నాయకుడు, తహసీల్దారు కార్యాలయం, శాసనసభ్యుని క్యాంపు కార్యాలయం: ఈ దారి మనకు కంఠస్థం. చేతిలో అర్జీ, నోట ‘సాబ్, మెహర్బానీ కీజియే’ అన్న మాట. అయితే ఆ శాసనసభ్యుడు ఈ విషయమై సభలో ప్రశ్న వేశారా, దానికి మంత్రి ఏం జవాబు చెప్పారు, ఆ జవాబు నిజమేనా అని అడిగినవారు మనలో ఎందరు?

అర్జీకీ ప్రశ్నకూ ఉన్న తేడా చిన్నది కాదు. అర్జీ ఫలిస్తే ఒక ఇంటి పని అవుతుంది. దానికి ఎవరికో రుణపడతాము, ఆ రుణం ఎన్నికలనాడు వసూలవుతుంది. ప్రశ్న ఫలిస్తే ఒక శాఖ మొత్తం లెక్క చెప్పవలసి వస్తుంది, ఎవరికీ రుణపడనక్కరలేదు. పాలకులకు అర్జీలంటే ఎందుకంత ఇష్టమో, ప్రశ్నలంటే ఎందుకంత చిరాకో ఇక్కడే తెలుస్తుంది.

శాసనసభలో ప్రశ్నకు ఒక పద్ధతి ఉంది. సభ్యుడు ముందుగా నోటీసు ఇవ్వాలి. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానం చెప్పాలి; దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక సమాధానం వస్తుంది. అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న ఉంది. శాఖల పద్దులపై చర్చ వచ్చినప్పుడు వంద రూపాయల నామమాత్రపు కోత తీర్మానం ఇచ్చి, ఆ శాఖ వైఫల్యాన్ని సభ ముందు నిలబెట్టవచ్చు. రాజ్యాంగంలోని 203వ అధికరణం ప్రకారం శాఖల ఖర్చుకు శాసనసభ ఆమోదం కావాలి. 151వ అధికరణం ప్రకారం రాష్ట్ర పద్దులపై కాగ్ నివేదిక గవర్నరు ద్వారా సభ ముందుకు రావాలి. పన్ను కట్టే ప్రతి మనిషి తరఫున లెక్క అడగడానికి రాజ్యాంగం ఏర్పరచిన తలుపులు ఇవి. అవి తెరిచే ఉన్నాయి. లోపలికి వెళ్లి లెక్క అడిగేవారే తక్కువ.

ఒక్క ప్రశ్న ఏం చేయగలదు అన్నవారికి రెండు ఉదాహరణలు. జీవిత బీమా సంస్థ సొమ్ము ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలోకి ఎలా వెళ్లిందని 1957లో లోక్‌సభలో ప్రశ్నలు లేచాయి. ఫిరోజ్ గాంధీ వదిలిపెట్టలేదు. ఆయన కూర్చున్నది పాలకపక్షం బెంచీల మీదనే. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. రెండవ ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి అందుతున్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో బయటపెట్టింది. ఎలా? కేరళకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు టి.ఎన్. ప్రతాపన్ లోక్‌సభలో వేసిన ప్రశ్నకు సమాధానంగా. ఉస్మానియా హాస్టళ్లలో చదువుకునే మన పిల్లల భవిష్యత్తుపై వేటు పడిందన్న సంగతి త్రిస్సూరు నుంచి ఎన్నికైన, మన మతానికి చెందని ఒక సభ్యుని ప్రశ్న వల్ల తెలిసింది. ఈ మాటను మనసులో ఉంచుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

ఇక డబ్బు లెక్క. తెలంగాణ బడ్జెట్‌లో మైనారిటీ సంక్షేమానికి 2023-24లో 2,200 కోట్లు, 2024-25లో 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు చూపారు. 2023 నవంబరులో కాంగ్రెస్ ప్రకటించిన మైనారిటీ డిక్లరేషన్ 4,000 కోట్లు ఇస్తామనీ, ఉప ప్రణాళిక తెస్తామనీ చెప్పింది. ప్రతి ఏడూ బడ్జెట్ నాడు మన పత్రికలు ఈ అంకెలను పెద్ద అక్షరాలతో వేస్తాయి. పెరిగిందని కొందరు సంతోషిస్తారు, చాలదని కొందరు నిరసిస్తారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. బడ్జెట్‌లో రాసినది ప్రభుత్వం తన ఉద్దేశాన్ని చెప్పడం మాత్రమే. ఆ తరువాత విడుదల ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు వచ్చాక బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, టోకెన్ పడాలి. టోకెన్ పడ్డాక సొమ్ము ఖాతాలో చేరాలి. వారాసిగూడ విద్యార్థి సర్టిఫికెట్లు కళాశాల అలమారలో ఉన్నాయంటే, ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట కాగితం ఆగిందని అర్థం. ఎక్కడ ఆగింది? కేటాయింపు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత, బకాయి ఎంత, అది ఏ తేదీకి తీరుతుంది? ఈ ఐదు అంకెలనూ పథకాలవారీగా, జిల్లాలవారీగా సభలో చెప్పించాలి. వేదికల మీది వంద ఉపన్యాసాల కంటె ఈ ఐదు అంకెలు మనకు ఎక్కువ మేలు చేస్తాయి.

శాసనసభలో అక్బరుద్దీన్ ఒవైసీ వంటివారు కేటాయింపుకూ విడుదలకూ మధ్య తేడాను ఏళ్లుగా ఎత్తిచూపుతున్నారు కదా అంటారు. నిజమే, ఆ పనికి గౌరవం ఇవ్వాలి. కాని లెక్క చూడండి. 119 మంది ఉన్న శాసనసభకు 2023 ఎన్నికలలో గెలిచిన ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ మజ్లిస్ సభ్యులే. చాంద్రాయణగుట్ట, చార్మినార్, యాకుత్‌పురా, బహదూర్‌పురా, మలక్‌పేట, కార్వాన్, నాంపల్లి నుంచి వచ్చినవారే. రాష్ట్ర జనాభాలో మనం ఎనిమిదింట ఒక వంతు. నిజామాబాద్, బోధన్, మహబూబ్‌నగర్, కరీంనగర్, జహీరాబాద్, వారాసిగూడ ముస్లింల తరఫున ప్రశ్న వేయవలసిన బాధ్యత ఆ ఏడుగురిది మాత్రమేనా? మిగిలిన 112 మంది మన ఓటు తీసుకోలేదా? మనం కట్టే పన్నులోంచి జీతం తీసుకోవడం లేదా?

వారాసిగూడ సికింద్రాబాద్ నియోజకవర్గంలోని బస్తీ. అక్కడ 2014, 2018, 2023 ఎన్నికలలో వరుసగా గెలిచినవారు టి. పద్మారావు గౌడ్. 2014 నుంచి 2018 వరకు ఆయన మంత్రి. 2019 నుంచి 2023 వరకు ఉపసభాపతి. మంత్రి జవాబు చెప్పేవాడు, ఉపసభాపతి సభను నడిపేవాడు. ఆ స్థానాల్లో ఉన్నవారు ప్రశ్నల పట్టికలో తమ పేరు పెట్టరు. ఇది వ్యక్తి లోపం కాదు, పదవి స్వభావం. కాని దాని ఫలితం ఏమిటి? ఇంచుమించు తొమ్మిదేళ్లపాటు ఆ నియోజకవర్గం నుంచి సభలో ప్రశ్న వేసే గొంతు లేదు. మన ఎమ్మెల్యే పెద్ద పదవిలో ఉన్నారని బస్తీలు బాణాసంచా కాల్చి సంబరపడ్డాయి. ఇప్పుడు ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు, ప్రశ్న వేసే స్థానంలో ఉన్నారు. వారాసిగూడ మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఆయనకు ఇవ్వవలసినది పూలదండ కాదు, ప్రశ్నల జాబితా.

ఆ ప్రశ్నలకు కావలసిన రోజులు కూడా కరిగిపోతున్నాయి. పెద్ద రాష్ట్రాల శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు సమావేశం కావాలని జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన పనిచేసిన రాజ్యాంగ సమీక్షా సంఘం సిఫారసు చేసింది. దేశంలో శాసనసభలు ఇటీవలి ఏళ్లలో సగటున కూర్చున్నది ఇరవై, ఇరవై రెండు రోజులే. పాఠశాల ఏడాదికి ఇరవై రోజులు నడిస్తే తల్లిదండ్రులు తాళం పగలగొడతారు. సభ ఇరవై రోజులు నడిస్తే మనకు చీమ కుట్టినట్టైనా ఉండదు. ఆ కొద్ది రోజులలోనూ అరుపులతో ప్రశ్నోత్తరాల సమయం హరించుకుపోతే, పట్టికలో మిగిలిన ప్రశ్నలకు జవాబులు సభ ముందు ఉంచినట్లు భావించి ముందుకు సాగిపోతారు. అనుబంధ ప్రశ్న లేని జవాబు మంత్రికి హాయి. 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో పార్లమెంటు వర్షాకాల సమావేశాలలో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసివేశారు. పాలకులు వేరైనా ఈ విషయంలో వారి అభిరుచి ఒకటే.

ఖర్చు అయిపోయాక లెక్క చూసేది ప్రజా పద్దుల కమిటీ. దానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం లోక్‌సభలో 1967 నుంచి వస్తున్న సంప్రదాయం. తెలంగాణలో 2019లో అక్బరుద్దీన్ ఒవైసీ ఆ స్థానంలోకి వచ్చారు. 2024లో అరెకపూడి గాంధీని నియమించినప్పుడు, ఆయన తమ టిక్కెట్టుపై గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లిపోయారని బీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. ఆ తగాదాలో ఎవరిది న్యాయమన్న సంగతి అటుంచితే, లెక్కలు చూసే కుర్చీలో కూర్చున్నవాడు ఏ పక్షం వాడో ప్రజలకు తేటగా తెలియకపోవడమే ఒక ప్రమాదం. ఇంటి పద్దులు తనిఖీ చేసేవాడు ఖర్చు పెట్టినవాడి మనిషి అయితే, తనిఖీ ఎవరికోసం?

సభలోని తలుపు మూసుకుపోతే పౌరునికి సమాచార హక్కు ఉంది కదా అనుకుంటాము. 2005 చట్టం 8వ సెక్షన్‌లో ఒక బంగారు వాక్యం ఉండేది. పార్లమెంటుకు గాని, రాష్ట్ర శాసనసభకు గాని నిరాకరించరాని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదన్నది దాని సారం. అంటే పౌరునికీ శాసనసభ్యునికీ తెలుసుకునే హక్కులో సమానత. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ వాక్యాన్ని తొలగించింది. పౌరుని దారి ఇరుకైన కొద్దీ శాసనసభ్యుని ప్రశ్న విలువ పెరుగుతుంది. ఆ ప్రశ్న అతనిచేత వేయించే బాధ్యత మనపై మరింత పడుతుంది.

‘అడిగితే ఉన్నదీ పోతుంది, ప్రభుత్వానికి కోపం వస్తుంది’ అని మన పెద్దలు కొందరు హెచ్చరిస్తారు. భయం మీద బతికిన తరం అనుభవం నుంచి వచ్చిన మాట అది. దానిని ఎగతాళి చేయను. కాని ఏమి పోతుంది? రాని చెక్కు పోతుందా? మూతపడిన ఫెలోషిప్ పోతుందా? మౌనం మనకు దేనినీ కాపాడలేదు. ‘సంఖ్యాబలం ప్రభుత్వానిదే, ప్రశ్నతో ఏమవుతుంది’ అని మరికొందరు అంటారు. ఓటింగులో సంఖ్య గెలుస్తుంది, నిజమే. ప్రశ్నకు సంఖ్య అక్కరలేదు. ఒక్క సభ్యుడు లేచి నిలబడితే చాలు, మంత్రి సభా రికార్డులో ఏదో ఒకటి చెప్పక తప్పదు. చెప్పినది అబద్ధమైతే అది కూడా రికార్డులోనే ఉంటుంది. సభలో ఇచ్చిన మాట తప్పితే హామీల కమిటీ తలుపు తట్టవచ్చు. ఇఫ్తార్ విందులో ఇచ్చిన మాటకు ఏ రికార్డూ లేదు.

మనం జుమా ఖుత్బాలలో తరచు వినే ఉదంతం ఒకటి ఉంది. బైతుల్ మాల్ నుంచి అందరికీ తలా ఒక వస్త్రం పంచారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒంటిమీది దుస్తు ఒక వస్త్రంతో కుట్టగలిగినది కాదు. మింబరు మీద ఉన్న ఖలీఫాను ఒక సహాబీ నిలదీశారు: ముందు దీని లెక్క చెప్పండి, తరువాత మీ మాట వింటాము. ఖలీఫా కోపగించలేదు. తన వాటాను తండ్రికి ఇచ్చానని కుమారుడు అబ్దుల్లా లేచి సాక్ష్యం చెప్పారు. అప్పుడు ఆ సహాబీ, ఇప్పుడు చెప్పండి, వింటాము అన్నారు. ఈ కథ చెప్పి ఖలీఫా న్యాయబుద్ధిని మెచ్చుకుంటాము. లేచి అడిగినవాని ధైర్యాన్ని మరచిపోతాము. ప్రజాధనం అమానత్ అయినప్పుడు, దాని లెక్క అడగడం అమర్యాద కాదు, ఆరాధనతో సమానమైన బాధ్యత.

కాబట్టి ఈ సమావేశాలకు ముందే మన పని మొదలు కావాలి. ప్రతి బస్తీలో ఐదుగురు చదువుకున్న పిల్లలు కూర్చోవాలి. ఉస్మానియా పక్కన ఉండి చదువుకున్నవారు లేరని వారాసిగూడ చెప్పలేదు. ఆగిన ఫీజులు, రాని చెక్కులు, తేలని దరఖాస్తులు పేర్లు లేకుండా లెక్కకట్టాలి. వాటిని మూడు, నాలుగు స్పష్టమైన ప్రశ్నలుగా రాసి, తమ శాసనసభ్యునికీ, శాసనమండలి సభ్యునికీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. సమావేశాలు ముగిశాక మళ్లీ వెళ్లి అడగాలి: మా ప్రశ్న వేశారా? జవాబు ప్రతి ఏది? వేయకపోతే ఎందుకు వేయలేదు? ఆ జవాబులను జుమా తరువాత మసీదు గోడకు అంటించాలి. ఎన్నికల నాడు టోపీ పెట్టుకుని, ఖర్జూరం నోట పెట్టుకుని వచ్చే ప్రతి అభ్యర్థికీ ఆ గోడ చూపించాలి.