ఓపిక కాదు, ఆలోచన

జ్ఞాపకం మీద విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనల గురించి చదువుతుంటే ఒక మాట పంటికింద రాయిలా తగులుతూ ఉంటుంది. ఓపిక. మగ శాస్త్రవేత్తలు సిద్ధాంతాలు చేశారు, ఆవిష్కరించారు. ఆడవాళ్ళు ఓపిగ్గా కూర్చున్నారు, ఓపిగ్గా అడిగారు, ఓపిగ్గా రాసుకున్నారు. దీన్ని మెచ్చుకోలు అనుకుని మనమూ సంతోషిస్తాం. ఆ మెచ్చుకోలు చాటున జరిగే దోపిడీ గురించే నా పేచీ.

మేరీ విటన్ కాల్కిన్స్‌నే తీసుకోండి. 1891లో అమెరికాలోని వెల్స్‌లీ మహిళా కళాశాలలో మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టింది. ఒక రంగునీ ఒక అంకెనీ జంటగా చూపించి, ఆ తర్వాత రంగు ఒక్కటే చూపించి అంకె ఏదని అడిగే పద్ధతి ఆమెది. ఒక విషయం మనకి గుర్తుండేది మాటిమాటికీ చూసినందువల్లనా, కొట్టొచ్చినట్టు కనబడినందువల్లనా, ఇప్పుడే చూసినందువల్లనా? ఈ మూడింటినీ విడదీసి కొలవడానికి దారి వేసింది. జంటల పరీక్ష ఇవాళ్టికీ జ్ఞాపక పరిశోధనలో వాడుకలో ఉంది. 1895లో ఆమె హార్వర్డ్ ఆచార్యుల ముందు డాక్టరేట్ పరీక్ష ఇచ్చి నెగ్గింది. స్త్రీ కాబట్టి హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు. 1902లో, ఆడపిల్లల కోసం పెట్టిన రాడ్‌క్లిఫ్ కళాశాల పేరుమీద ఇస్తామంటే నాకక్కర్లేదంది. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలైన మొదటి స్త్రీ ఆమే. ఇందులో ఓపిక ఎక్కడుంది? ఉన్నది ఆలోచన, ఆత్మగౌరవం.

రెండో ఉదాహరణ బ్రెండా మిల్నర్. 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడులో రెండు పక్కలా కొంత భాగం తీసేశాడు. ఆ తర్వాత హెన్రీకి కొత్త సంగతులు నిలవకుండా పోయాయి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి మిల్నర్ అతని దగ్గరికి వెళ్ళి పరీక్షలు చేసింది. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపమంది. మూడు రోజుల్లో అతని చెయ్యి ఆ విద్య నేర్చేసుకుంది. అంతకు ముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి తెలియదు. అంటే జ్ఞాపకం ఒక్కటి కాదు, చేతికి తెలిసింది వేరు, చెప్పగలిగింది వేరు. ఈ ఫలితం గంటల తరబడి కూర్చున్నందుకు ఊడిపడలేదు. ఏ పరీక్ష పెడితే ఏది బయటపడుతుందో ఊహించగలిగిన బుద్ధి వల్ల వచ్చింది.

మిల్నర్‌కి గుర్తింపు రాలేదా, 2014లో కావ్లీ బహుమతి ఇచ్చారు కదా అనొచ్చు. ఇచ్చారు. ఒకరికి బహుమతి ఇచ్చి వందమంది పనికి పాత పేరే ఉంచడం వ్యవస్థకి కొత్త కాదు. పురుషుడు ఒకే ప్రశ్నని ఇరవై ఏళ్ళు పట్టుకుంటే దీక్ష అంటాం. అదే పని స్త్రీ చేస్తే ఓపిక అంటాం. దీక్షకి ఫలం ఉంటుంది. ఓపికకి కృతజ్ఞతలు మాత్రమే ఉంటాయి.

ఇది మన సాహిత్య శాఖలకి దూరమైన కథ కాదు. నా పరిశోధన రోజుల్లో స్త్రీల పాటల సేకరణ ఒకటి జరిగింది. ఎవరిని ఏమడగాలో ప్రశ్నలు నేను తయారు చేశాను. పాటల్ని ఏ వరసలో పెడితే అర్థం తెలుస్తుందో నేను తేల్చాను. పుస్తకం వచ్చాక ముందుమాటలో నా గురించి ఒక వాక్యం ఉంది, 'ఓపికతో రాసిపెట్టిన' అమ్మాయినట. నా ఆలోచనంతా సంపాదకుడిదైపోయింది, నాకు చేతిరాత మిగిలింది.

అయితే ఈ లెక్క స్త్రీ పరిశోధకుల దగ్గర ఆగితే అది సగం న్యాయమే. ప్రయోగశాలలో బల్లకి అవతల కూర్చున్న మనిషి కూడా అక్కడ పనిచేసినవాడే. మిల్నర్ శిష్యురాలు సుజాన్ కార్కిన్ 1962 నుంచి, 2008లో హెన్రీ చనిపోయేదాకా అతన్ని పరిశోధించింది. అన్నేళ్ళూ వ్యాసాల్లో అతను రెండక్షరాలు, హెచ్.ఎం. పేరు దాచడం అతని రక్షణ కోసమే, కాదనను. కానీ కాసేపటికే తానిచ్చిన అంగీకారాన్ని మరిచిపోయే మనిషి విసుగు లేకుండా సహకరించాడని పొగిడితే, ఆ పొగడ్త ఎవరికి సౌకర్యం? ఓపిక అనే మాట అతని మీదా అదే పని చేసింది.

ఇంకో రకంగా చెయ్యొచ్చని మనకి తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలు తమ పేర్లతో, తమ మాటల్లో నిలబడ్డారు. జ్ఞాపకం చెప్పినవాళ్ళు ముడిసరుకు కాదని ఆ పుస్తకం మనకి నేర్పింది. నేర్చుకున్నామా?

ఇక మీదట మన సిద్ధాంత గ్రంథాల్లో, ముందుమాటల్లో ఓపిక అనే మాట కొట్టేద్దాం. ప్రశ్న ఎవరు వేశారు, పద్ధతి ఎవరిది, రికార్డు చేసిందెవరు, రాసిందెవరు, చెప్పిందెవరు - పేరుపేరునా రాద్దాం. చెప్పినవాళ్ళు పేరు వద్దంటే, వద్దన్నారనే రాద్దాం. అలా రాయడానికి ఒప్పుకోని పుస్తకానికి మన చెయ్యి కూడా ఇవ్వొద్దు.